ముట్టుకోని చేతికి ఊపిరి అందదు



ఈ వరసలో ఇప్పటిదాకా భూమి గురించి, హాస్టళ్ల గురించి, శ్మశానాల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఊపిరి గురించి. అందులోనూ ఐదేళ్లలోపు పిల్లల ఊపిరి గురించి. "అన్నా, ఇది డాక్టర్ల సబ్జెక్టు కదా, మనకెందుకు?" అని కొందరు తమ్ముళ్లు ఇన్‌బాక్సులోకి వస్తారని తెలుసు. చివరిదాకా చదవండి. అప్పుడు కూడా మనకెందుకు అనిపిస్తే అడగండి.

ముందు జబ్బేమిటో చెప్పుకుందాం.

ఊపిరితిత్తి అంటే గాలి నింపుకునే చిన్న చిన్న సంచుల గుత్తి. అందులో ఎక్కడైనా చిట్లితే గాలి ఉండకూడని చోటుకి పోతుంది. ఊపిరితిత్తికీ ఛాతీ గోడకీ మధ్య చేరితే దాన్ని న్యూమోథొరాక్స్ అంటారు. రెండు ఊపిరితిత్తుల నడుమ, గుండె చుట్టుపక్కల చేరితే న్యూమోమీడియాస్టినం. గుండె సంచిలోనే చేరితే న్యూమోపెరికార్డియం. మెడ దాకా ఎక్కి చర్మం కింద ఉబ్బితే సబ్‌క్యుటేనియస్ ఎంఫిసీమా. పేర్లు గుర్తుండకపోయినా ఫర్వాలేదు. ఒక్క ముక్క గుర్తుంచుకోండి. లోపలికి పోయిన గాలి బయటికి రాలేక పోగవుతుంటే, అది ఊపిరితిత్తిని నొక్కేస్తుంది, గుండెను పక్కకి తోసేస్తుంది. అప్పుడు బిడ్డకి మిగిలేది గంటలు కాదు, నిమిషాలు.

ఎవరికి వస్తుంది? అప్పుడే పుట్టిన బిడ్డకి రావచ్చు. ఏడవని బిడ్డకి బ్యాగుతో గాలి కొట్టేటప్పుడు ఒత్తిడి మించితే రావచ్చు. ఉమ్మనీటిలో మలం ఊపిరితిత్తుల్లోకి పీల్చిన బిడ్డకి, నెలలు నిండని బిడ్డకి ప్రమాదం ఎక్కువ. కాస్త పెద్ద పిల్లల్లో ముదిరిన నిమ్మువల్ల వస్తుంది. ముఖ్యంగా స్టెఫైలోకాకస్ అనే సూక్ష్మజీవి ఊపిరితిత్తిలో బుడగలు లేపుతుంది, అవి పగిలితే చీమూ గాలీ కలిసి ఛాతీలో చేరతాయి. తట్టు తర్వాత వచ్చే నిమ్ములో, ఉబ్బసం గట్టిగా వచ్చినప్పుడు కూడా జరగవచ్చు. ఇంకొకటుంది. వేరుశనగ గింజో జీడిపప్పు ముక్కో గొంతులోంచి గాలిగొట్టంలోకి జారితే అది తలుపులా పనిచేస్తుంది. పీల్చిన గాలిని లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు. ఆ పక్క ఊపిరితిత్తి ఉబ్బి ఉబ్బి చివరికి చిట్లవచ్చు. పలాస జీడిపప్పు బట్టీల్లో పనిచేసే అమ్మల పక్కన ఆడుకునే పిల్లల్ని ఒకసారి తలుచుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ జబ్బుని గుర్తుపట్టాలంటే బిడ్డను ముట్టుకోవాలి.

చొక్కా విప్పి, వెలుతురులో పడుకోబెట్టి చూడాలి. ఒక పక్క ఛాతీ ఎత్తుగా ఉందా? ఊపిరితో పాటు కదలకుండా ఉందా? తర్వాత అరచేయి పెట్టాలి. గుండె దడ ఎప్పుడూ ఉండే చోట, ఎడమ చనుమొన దగ్గర అందుతోందా, పక్కకి జరిగిపోయిందా? మెడ, భుజం, చెంప ఉబ్బితే వేలితో మెల్లగా నొక్కాలి. మామూలు వాపు మెత్తగా ఉంటుంది. గాలి చేరిన వాపు మాత్రం వేలి కింద వేయించిన వడియం నలిగినట్టు చిటచిటమంటుంది. ఆ చిటచిట తెలియాలంటే వేలే కావాలి. కళ్లతో చూసి చీటీ రాసేవాడు దాన్ని ఎలర్జీ వాపు అనుకుని ఇంజక్షన్ రాసేస్తాడు. తర్వాత వేళ్లతో ఛాతీ మీద తట్టాలి. ఆ తర్వాత స్టెతస్కోపు రెండు పక్కలా పెట్టి, ఒక పక్క శబ్దం తగ్గిందా అని పోల్చాలి. న్యూమోమీడియాస్టినంలో కొన్నిసార్లు గుండె కొట్టుకున్నప్పుడల్లా కరకరమనే శబ్దం వినిపిస్తుంది. 1939లో లూయీ హామన్ అనే అమెరికన్ వైద్యుడు దాన్ని వర్ణించాడు.

చూడడం, తాకడం, తట్టడం, వినడం. ఈ నాలుగింటిలో ఒక్కటైనా బల్ల అవతల కూర్చుని చేయగలరా?

మన అమ్మలు చెప్పేది ఒకసారి గుర్తుచేసుకోండి. "బావూ, గుంటడు పొద్దున్నుంచి డొక్కలెగరేత్తన్నాడు, పాలు ముట్టట్లేదు, ఏటైందో సూడు" అంటుంది తల్లి. బల్ల అవతల నుంచి "ఎన్నాళ్ల నుంచి? జలుబా? దగ్గా?" అని రెండు ప్రశ్నలు. బిడ్డ తల్లి చంకలోనే ఉంటాడు. చొక్కా మీదే ఉంటుంది. చీటీ తెగుతుంది. "నెక్స్ట్." ఏ ఆసుపత్రి అని అడగకండి. మీ ఊరి పేరు రాసుకోండి, సరిపోతుంది.

ఇది కొత్త కథ కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ తన "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఒక ఉత్తరాన్ని మన ముందు పెట్టాడు. అది 1929 డిసెంబరు 12న గాంధీ పత్రిక "యంగ్ ఇండియా"లో అచ్చయిన ఉత్తరం. కాఠియావాడ్‌లోని ఒక దళిత బడిపంతులు రాసుకున్నది. ఆయన భార్య ప్రసవించింది. రెండు రోజులకి ఊపిరి ఆడక, పక్కటెముకల్లో నొప్పితో మంచం పట్టింది. డాక్టరు దళితవాడకి రానన్నాడు. ఊరిపెద్దల కాళ్లావేళ్లా పడి, రెండు రూపాయల ఫీజుకి పూచీ ఇప్పిస్తే, వాడ బయటికి తీసుకొస్తేనే చూస్తానన్నాడు. ఆ బాలింతరాలిని పసిగుడ్డుతో సహా బయటికి తెచ్చారు. డాక్టరు థర్మామీటరుని ఒక ముస్లిం చేతికిచ్చాడు. ఆయన భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. మళ్లీ అదే దారిలో వెనక్కి. దీపం వెలుగులో థర్మామీటరు చూసి డాక్టరు నిమ్ము అని తేల్చి వెళ్లిపోయాడు. మళ్లీ చూడడానికి రాలేదు. ఆమె చనిపోయింది.

మిత్రులారా, ఆ డాక్టరు చూసింది పాదరసాన్ని. రోగిని కాదు. ఊపిరితిత్తుల జబ్బుని ఛాతీ మీద చెయ్యి వేయకుండా, చెవి పెట్టకుండా తేల్చేశాడు. ఆమెకి నిమ్మే వచ్చిందో, ఛాతీలో నీరే చేరిందో, గాలే చేరిందో ఎవరికీ తెలీదు. ఎప్పటికీ తెలీదు. అంటరానితనం ఆమెకి వైద్యాన్ని మాత్రమే కాదు, చావుకి కారణాన్ని కూడా దక్కనివ్వలేదు.

"అది 1929 అన్నా, ఇప్పుడలా లేదు" అంటారు. 2001–02లో 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి చేసిన సర్వే ఒకటుంది. ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, సతీష్ దేశ్‌పాండే, అమితా బవిస్కర్ దాన్ని 2006లో పుస్తకంగా తెచ్చారు. ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లలోకి రావడానికి నిరాకరించే గ్రామాలు మూడింట ఒక వంతు అని అందులో తేలింది. ఆశా కార్యకర్త ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి 42 రోజుల్లో ఆరుసార్లు వెళ్లాలి. ఆ ఆరుసార్లూ గుమ్మం దాటిందా, గుమ్మం దగ్గర నుంచే "బాగున్నాడా అమ్మా" అని అడిగి రిజిస్టరులో టిక్కు పెట్టిందా? మాల, మాదిగ, రెల్లి, పైడి పేటల్లో వెళ్లి అడగండి. జవాబు నేను చెప్పను, మీరే తెచ్చి కింద రాయండి.

ఇక్కడ డప్పు గురించి ఒక మాట చెప్పాలి.

ఛాతీ మీద వేళ్లతో తట్టి లోపలేముందో తెలుసుకునే విద్యని 1761లో లియోపోల్డ్ ఔఎన్‌బ్రుగ్గర్ అనే ఆస్ట్రియా వైద్యుడు లోకానికి చెప్పాడు. ఆయన తండ్రి సత్రం నడిపేవాడు. సారా పీపాని తట్టి, ఎక్కడిదాకా నిండిందో చెప్పడం ఆ ఇంట్లో మామూలే అంటారు. ఆరోగ్యంగా ఉన్న ఛాతీని తడితే దళసరి గుడ్డ కప్పిన డప్పులా మోగుతుందని ఆయన రాశాడు. నీరో చీమో చేరితే తొడ మీద తట్టినట్టు మొద్దుగా ఉంటుంది. గాలి చేరితే గుడ్డ తీసేసిన డప్పులా గణగణమంటుంది.

ఇప్పుడు చెప్పండి. తోలు ఎంత బిగిసిందో, లోపల గాలి ఎలా పలుకుతుందో చెవితో పట్టే విద్య ఈ నేల మీద ఎవరిది? మంట దగ్గర డప్పు కాచి, వేలితో మీటి, ఇంకా చాలదు అని చెప్పగలిగిన చెవి ఎవరిది? ఆ జ్ఞానం మన తాతల చేతుల్లో ఉంటే అంటు. ఐరోపా వైద్యుడి చేతుల్లో ఉంటే శాస్త్రం. వైద్యం చదివే మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నేను చెప్పేది ఒకటే. వార్డులో ఛాతీ తట్టేటప్పుడు సిగ్గుపడకండి. "రిజర్వేషన్ చేతులు" అని ఎవడైనా వెటకారం చేస్తే, ఆ చేతుల వెనక ఎన్ని తరాల వినికిడి ఉందో చెప్పండి.

1816లో పారిస్‌లో లెనెక్ అనే వైద్యుడు ఒక యువతి గుండె మీద చెవి ఆనించడానికి మొహమాటపడి కాగితం గొట్టంలా చుట్టి విన్నాడు. అదే స్టెతస్కోపుకి మొదలు. చెవి ఆనించిన దానికంటే ఆ గొట్టంలో బాగా వినిపించింది. రోగి లోపలికి ఇంకా దగ్గరగా చేరడానికి పనికొచ్చిన సాధనం అది. మన పేటల పిల్లల విషయంలో మాత్రం అది మెడలో వేలాడే నగ.

ఇక వాళ్లు చెప్పే సాకులు ఒక్కొక్కటీ చూద్దాం.

మొదటి సాకు: "ఇది అరుదైన జబ్బు." ఎవరి లెక్కలో అరుదు? ఎక్స్‌రే తీయకుండా చనిపోయిన బిడ్డ ఏ లెక్కలోకి వస్తాడు? రిజిస్టరులో "నిమ్ము" అని రాస్తారు, లేదంటే "జ్వరం" అని రాస్తారు. ఇంట్లో పోతే ఏమీ రాయరు. లెక్కపెట్టనిది ఎప్పుడూ అరుదుగానే ఉంటుంది. అవును, ఇవి నిమ్ము అంత తరచుగా రావు. నిజమే. కానీ నిమ్ము తరచుగా వచ్చేచోట, నిమ్ము ముదిరేదాకా వైద్యం అందనిచోట, దాని వెనకే ఇవి వస్తాయి. మన జిల్లాకి ఈ పాఠం తెలుసు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో మనుషులు రాలిపోతుంటే ఎన్నేళ్లు "కారణం తెలీదు" అన్నారు? జనం మొత్తుకుని, లెక్క తీయించి, పోరాడితేనే 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి తలుపు తెరుచుకుంది.

రెండో సాకు: "రిఫర్ చేశాం కదా." శ్రీకాకుళంలో రిమ్స్ మొదలైంది 2008లో. అంతకుముందు ఈ జిల్లాకి ప్రభుత్వ మెడికల్ కాలేజీయే లేదు. విశాఖ కేజీహెచ్ 1923 నుంచి ఉంది, కానీ నరసన్నపేట నుంచి వంద కిలోమీటర్లు దాటి పోవాలి. ఒత్తిడితో గాలి పోగవుతున్న బిడ్డ హైవే మీద అన్ని టోల్‌గేట్లు దాటగలడా? పైగా దారిలో ఊపిరి తగ్గిందని బ్యాగుతో గాలి కొడితే, గుర్తుపట్టని లీకు ఇంకా పెరుగుతుంది. మొదటి ఆసుపత్రిలో గుర్తుపట్టకుండా చేసిన రిఫరల్, చావు జరిగే చోటుని మార్చడమే.

మూడో సాకు: "అంత పరికరాలు మా దగ్గర లేవు." ఒత్తిడి ఎక్కిన న్యూమోథొరాక్స్‌లో తెలిసిన డాక్టరు ముందు చేసే పని, సరైన చోట సూది గుచ్చి గాలి వదలడం. తర్వాత ఒక గొట్టం, ఒక సీసా, ఆ సీసాలో నీళ్లు. గొట్టం చివర నీళ్లలో మునిగి ఉంటే గాలి బుడగలుగా బయటికొస్తుంది, తిరిగి లోపలికి పోదు. 1875లో జర్మనీలో గోట్‌హార్డ్ బ్యూలౌ మొదలుపెట్టిన పద్ధతి ఇది. 150 ఏళ్ల నాటి సీసా. దీనికి కోట్ల టెండరు అక్కర్లేదు.

అయితే గుర్తుంచుకోండి. ఇది డాక్టరు చేసే పని, మనం ఇంట్లో చేసేది కాదు. అన్ని లీకులకీ సూది అక్కర్లేదు కూడా. బిడ్డ నిలకడగా ఉంటే, గాలి కొంచెమే ఉంటే, ఆక్సిజన్ పెట్టి కనిపెట్టుకుని ఉంటే చాలు. పుట్టుకతోనే ఒక భాగం అతిగా ఉబ్బే ఊపిరితిత్తి, పెద్ద గాలి బుడగ, ఛాతీలోకి ఎక్కిన పేగులు, ఇవన్నీ ఎక్స్‌రేలో లీకులాగే కనిపించి మోసం చేస్తాయి. వాటిలోకి గొట్టం పెడితే ప్రమాదం. పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో గాలి ముందువైపుకి చేరి దాక్కోవచ్చు కూడా. చంటిబిడ్డ ఛాతీ చిన్నది కాబట్టి ఒక పక్క శబ్దం రెండో పక్కకి పాకి, స్టెతస్కోపునీ మోసం చేయొచ్చు. అందుకే మనం అడిగేది ఉత్త ఎక్స్‌రే మిషను కాదు. దాన్ని చదవగలిగిన మనిషిని.

నాలుగో సాకు: "మేం కులం చూడం, రద్దీ ఎక్కువ." రద్దీ నిజమే. చొక్కా విప్పి చూసే డాక్టర్లు ఉన్నారు, పేటలోకి వచ్చి బిడ్డని ఒళ్లో పెట్టుకునే ఏఎన్ఎంలు ఉన్నారు. ఈ వ్యాసం వాళ్ల మీద కాదు. కానీ ఆ వరసలో నిలబడింది ఎవరు? ఊరి పెద్దింటి బిడ్డ ఆ వరసలో లేడు. వాడు కారులో శ్రీకాకుళమో విశాఖో వెళ్లిపోయాడు. రెండు నిమిషాలకొక బిడ్డ అనే వరసని మన పిల్లలతోనే నింపి, ఆ వరసకి ఒక్క డాక్టరునే ఇచ్చి, తర్వాత "రద్దీ" అంటే దాన్ని నేను కులం అనే పిలుస్తాను. డాక్టరు మనసులో కులం ఉండక్కర్లేదు. బడ్జెట్‌లో ఉంటే చాలు.

ఇంకొక విషయం. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్పుని కళ్లు మూసుకుని నమ్మకండి. 2020 డిసెంబరులో అమెరికాలో మిషిగన్ వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లెక్క చెప్పారు. క్లిప్పు మామూలుగా ఉందని చూపిన పెద్దవాళ్లలో, రక్తంలో నిజంగా ఆక్సిజన్ పడిపోయినవాళ్లు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లవాళ్లలో 3.6 శాతం. మన పిల్లల రంగు మీకు తెలుసు. నల్లని చర్మం మీద నీలం రంగు కూడా తొందరగా కనపడదు. నాలుక, పెదవి లోపలి పక్క చూడాలి. అంటే మళ్లీ, నోరు తెరిచి దగ్గరగా చూడాలి.

మరి మనమేం చేయాలి? విద్యార్థులూ, కార్యకర్తలూ, ఇది రాసిపెట్టుకోండి.

1. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు, పూర్తిగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు 60, రెండు నెలల నుంచి ఏడాది దాకా 50, ఏడాది నుంచి ఐదేళ్ల దాకా 40. అంతకు చేరినా దాటినా ఆసుపత్రికి.

2. డొక్కలు లోపలికి పీక్కుపోవడం, మూలుగు, పాలు తాగలేకపోవడం, మగతగా పడి ఉండడం, నాలుక నీలం కావడం. వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. ఆలస్యం వద్దు, వాతలు వద్దు, పసరు వద్దు.

3. నిమ్ముతో ఉన్న బిడ్డకి ఉన్నట్టుండి ఆయాసం ఎక్కువైతే, ఒక పక్క ఛాతీ ఉబ్బితే, మెడ ఉబ్బి వేలి కింద చిటచిటమంటే, తింటూ తింటూ పొలమారిన తర్వాత ఒక పక్కే పిల్లికూత వస్తే, డాక్టరుకి ఇదే మాట చెప్పండి: "గాలి లీకయిందేమో చూడండి. చొక్కా విప్పి చూడండి. ఎక్స్‌రే తీయండి." మర్యాదగా చెప్పండి, కానీ కదలకండి. చూసిన సమయం రాసుకోండి.

4. నిమ్ము రాకుండా చూడడం సగం గెలుపు. పీసీవీ టీకా 6 వారాలకి, 14 వారాలకి, 9 నెలలకి. తట్టు టీకా 9 నెలలకి, మళ్లీ 16–24 నెలల మధ్య. పేటలో ఎవరికి పడలేదో జాబితా రాయండి. ఐదేళ్లలోపు పిల్లల చేతికి వేరుశనగ, జీడిపప్పు గింజలుగా ఇవ్వకండి.

5. పేటలో బిడ్డ చనిపోతే కారణం అడగండి. రాతపూర్వకంగా అడగండి. ఎక్స్‌రే తీశారా, చొక్కా విప్పారా, ఎన్ని గంటలకి రిఫర్ చేశారు?

చట్టం మన వైపే ఉంది, వాడడం రావాలి. 1992 జులైలో పశ్చిమ బెంగాల్‌లో హకీం షేక్ అనే వ్యవసాయ కూలీ రైల్లోంచి పడి తలకి దెబ్బ తగిలితే, ప్రభుత్వాసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి మంచాల్లేవు, సౌకర్యాల్లేవు అని తిప్పి పంపేశాయి. ఆయన సంఘం, పశ్చిమ బంగ ఖేత్ మజ్దూర్ సమితి, సుప్రీంకోర్టుకి వెళ్లింది. అత్యవసర వైద్యం అందించకపోతే 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుని కాలరాసినట్టేనని, డబ్బుల్లేవనే మాట చెల్లదని 1996 మేలో కోర్టు తేల్చింది. గెలిచింది కూలీల సంఘం. పెద్ద లాయర్ల క్లబ్బు కాదు. కులం పేరుతో దళితుల్ని ఆసుపత్రిలోకీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకీ రానివ్వకుండా అడ్డుకోవడం 2015లో సవరించిన అట్రాసిటీ చట్టం కింద నేరం. లోపలికి రానిచ్చి ముట్టుకోకుండా పంపేయడాన్ని ఏ సెక్షన్ కింద పెట్టాలి? ఈ ప్రశ్న లా చదివే మిత్రులకి వదులుతున్నాను.

2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. అప్పుడది మన శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. ఆ చావులకి నెత్తురుంది, కేసు ఉంది, స్మరణ సభ ఉంది. చంటిబిడ్డ ఛాతీలో గాలి నిండి పోయిన చావుకి నెత్తురు లేదు, ఎఫ్ఐఆర్ లేదు, సభ లేదు. "దేవుడు తీసుకెళ్లాడు" అనే ఒక్క మాట ఉంది. ఆ మాటని ఒప్పుకోవద్దనే ఇంత రాశాను.

నరసన్నపేట నుంచి మొదలుపెడదాం. ఈ నెలలో ప్రతి పేటలో ఒక్క సాయంత్రం అమ్మలతో కూర్చుని ఊపిరి లెక్కపెట్టడం నేర్పండి. ఆసుపత్రికి ఒక వినతిపత్రం ఇవ్వండి. పిల్లల్ని చూసే డాక్టరు ఏ వేళల్లో ఉంటారు, ఎక్స్‌రే రాత్రి పనిచేస్తుందా, ఛాతీ గొట్టం, నీళ్ల సీసా ఉన్నాయా, అవి పెట్టడం వచ్చిన చేతులున్నాయా? నాలుగే ప్రశ్నలు. జవాబు రాతపూర్వకంగా కావాలి.

వచ్చిన జవాబులు కింద కామెంట్లలో పెట్టండి. తర్వాతి భాగం వాటి మీదే రాస్తాను.

జై భీమ్.